రెడ్‌వుడ్ ట్రిప్: మూడు రాత్రులూ ఒకేచోట దిగడమా, రోజుకో క్యాంపా?

ఫ్రీమాంట్ రవి: జులైలో ఉత్తర కాలిఫోర్నియా రెడ్‌వుడ్ మహావృక్షాల అడవులకి వెళ్తున్నాం. రెండు కుటుంబాలం, పిల్లలతో కలిపి 9 మందిమి. 24 అడుగుల ఆర్‌వీ (పడకలు, వంటిల్లు ఉన్న బండి) అద్దెకు తీసుకుంటున్నాం, ఒక టెంటు కూడా ఉంటుంది. మొదటి రాత్రి అవెన్యూ ఆఫ్ ది జెయింట్స్ రోడ్డు మీదున్న బర్లింగ్టన్ క్యాంపు, రెండోది గోల్డ్ బ్లఫ్స్ బీచ్, మూడోది జెడెడయా స్మిత్. ఇలా బాగుంటుందా, ఒకేచోట ఉండి తిరగడం నయమా?

పాత గుడారం: ఒకేచోట. ఆ చెట్లలో కొన్ని రెండు వేల ఏళ్లుగా కదల్లేదు, మీరు మూడు రాత్రులు కుదురుగా ఉండలేరా? మధ్యాహ్నం 12కి సైటు ఖాళీ చేయాలి, 2 దాటితే గానీ కొత్త సైటు ఇవ్వరు. జులైలో పొగమంచు రాత్రంతా కొమ్మల మీంచి చినుకుల్లా కారుతుంది. పొద్దున్నే టెంటు ఆరదు. తడిదే చుట్టేస్తే సాయంత్రానికి లోపలి గుడ్డకీ తడి ఎక్కుతుంది. ఎల్క్ ప్రెయిరీ క్యాంపులో మూడు రాత్రులు వేయండి. పెద్ద చెట్ల మధ్య పోయే 10 మైళ్ల డ్రూరీ పార్క్‌వే రోడ్డు గుమ్మంలోనే ఉంటుంది.

సముద్రపు కాకి: ఫ్రీమాంట్ నుంచి ఎల్క్ ప్రెయిరీ దాదాపు 350 మైళ్లు. పిల్లల్ని ఒక్క రోజులో అంత దూరం కుదేస్తారా? బర్లింగ్టన్‌లో ఆగితే ఓ 90 మైళ్లు మర్నాటికి మిగులుతాయి. రాక్‌ఫెల్లర్ ఫారెస్ట్ ఆ పక్కనే. నరకని కోస్ట్ రెడ్‌వుడ్ అడవి ఒకే ముక్కగా ఎక్కువ మిగిలింది అక్కడే. రవీ, నీ ప్లానే కరెక్ట్. గోల్డ్ బ్లఫ్స్‌లో 24 అడుగుల దాకా రానిస్తారు, నీ బండి సరిగ్గా సరిపోతుంది.

పాత గుడారం: సరిపోదు. గోల్డ్ బ్లఫ్స్‌కి పోయే డేవిసన్ రోడ్డుకి పొడవు 24 అడుగులే కాదు, వెడల్పు 8 అడుగులని కూడా రూల్ ఉంది. ట్రెయిలర్లు అసలే వద్దు.

సముద్రపు కాకి: ఆ 8 అడుగులు అద్దాలు కలిపా, కలపకా?

పాత గుడారం: అద్దాల దాకా ఎందుకండీ, అద్దె ఆర్‌వీల్లో చాలావాటికి బాడీయే 8 దాటుతుంది. అది మట్టిరోడ్డు, మలుపుల దగ్గర ఎదురుబండి వస్తే ఎవరో ఒకరు వెనక్కి తీయాలి.

సముద్రపు కాకి: అద్దాలు మడిస్తేనో?

కొత్త చక్రం: అద్దాల గోల ఇంక చాలు అన్నలూ 😄

ఆర్కేటా అక్క: రవి గారూ, అసలు సంగతి వేరే. జెడెడయా స్మిత్ దగ్గరి హౌలాండ్ హిల్ రోడ్డులోకీ ఆర్‌వీలని రానివ్వరు. అంటే ఆర్‌వీ ఒక్కటే ఉంటే స్టౌట్ గ్రోవ్ అనే పెద్ద చెట్ల తోపుకి ఆ దారిన వెళ్లలేరు, డేవిసన్ రోడ్డు మీంచే చేరాల్సిన ఫెర్న్ కాన్యన్ లోయకీ ఆ బండి మీద పోలేరు. వెనకాల ఒక కారు తప్పనిసరి. మే 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు ఫెర్న్ కాన్యన్‌కి ముందే పర్మిట్ తీసుకోవాలి. ఇంకోటి, సైటుకి 8 మందే. మీరు 9 మంది కాబట్టి రెండు సైట్లు కావాలి. టెంటు కింద పరిచే పట్టా టెంటు కంటే నాలుగు వేళ్లు లోపలికే ఉండాలి. అంచు బయటికొస్తే కారిన నీళ్లన్నీ దాని మీద పడి మీ నడుం కిందికే చేరతాయి. కట్టెలు ఇంటి నుంచి మోసుకురావద్దు, పురుగూ తెగులూ వాటితోనే వస్తాయి. అక్కడే కొనండి.

ఫ్రీమాంట్ రవి: థాంక్స్ అక్కా. వంట? పులిహోర, పెరుగన్నం అనుకుంటున్నాం.

పాత గుడారం: పులిహోర తినండి, కానీ ఒక్క మెతుకు కింద పడకూడదు. గిన్నెలు కడిగిన నీళ్లు జల్లెడలో వడగట్టి, మెతుకులు సంచిలో కట్టి చెత్తడబ్బాలో వేయాలి. నీళ్లు నేల మీద పారబోయకూడదు. కూలరు, సబ్బు, టూత్‌పేస్టుతో సహా సైటులో ఉండే, ఎలుగుబంట్లు తెరవలేని పెట్టెలో పెట్టాలి.

సముద్రపు కాకి: అబ్బో! మెతుకులు కూడా లెక్కపెట్టుకోవాలా? పక్క సైటులో రాత్రి 11 దాకా జనరేటర్ మోగినా నోరెత్తనివాళ్లే మన అరిటాకు చూడగానే రూల్స్ చదువుతారు. ఇదివరకు ఇలాగే జరిగింది, మళ్లీ వినే ఓపిక లేదు.

పాత గుడారం: జనరేటర్ రాత్రి 8కే ఆపాలి. వాళ్లదీ తప్పే. దానికీ మెతుక్కీ సంబంధం లేదు. మార్బుల్డ్ మురెలెట్ అని ఓ సముద్రపు పక్షి. అది గుడ్డు ఎక్కడ పెడుతుందో 1974లో బిగ్ బేసిన్‌లో ఒక చెట్టెక్కినాయన కంటపడేదాకా తెలియలేదు. గూడు కట్టదు, ముసలి చెట్ల లావు కొమ్మల మీద నాచులో ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. మీ మెతుకుల కోసం నీలిరంగు జే పిట్టలు, బొంతకాకులు చేరతాయి. మెతుకులయ్యాక పైకి చూస్తాయి, ఆ గుడ్డు తినేస్తాయి.

సముద్రపు కాకి: మరి అలా చెప్పు! మొదట్నుంచీ టెంటు తడి, సైటు టైమూ అంటావేం? నీకు మనుషులు గుంపుగా రావడమే ఇష్టం లేదు. ఒకేచోట అన్నది కూడా అందుకే, తొమ్మిదిమంది మూడుచోట్ల తొక్కకుండా.

పాత గుడారం: అవును, అందుకే. అంత ఎత్తు చెట్టుకి వేళ్లు పదీ పన్నెండు అడుగుల లోతు కూడా దిగవు, పక్కకి మాత్రం వంద అడుగులు పాకుతాయి. దారి తప్పి తొక్కితే మట్టి గట్టిపడుతుంది. 2006లో దొరికిన, ప్రపంచంలోకెల్లా ఎత్తైన చెట్టు హైపీరియన్ దగ్గర జనం అలాగే తొక్కితే 2022లో ఆ చోటు మూసేశారు. వెళ్తే 5,000 డాలర్ల దాకా జరిమానా.

సముద్రపు కాకి: పిల్లలు చూడకపోతే రేపు వాటిని కాపాడేదెవరు? నలుగురూ కూర్చుని తినే చోటే వాళ్లకి గుర్తుంటుంది, నీ నిశ్శబ్దం కాదు.

పాత గుడారం: చూడొద్దనలేదు. చెక్కబాట మీంచి చూడమంటున్నా.

కొత్త చక్రం: రవి గారూ, ఇంతకీ సైట్లు బుక్ చేశారా? ఆరు నెలల ముందు పొద్దున 8కి తెరుస్తారు. జులైకి జనవరిలోనే కూర్చోవాలి.

ఫ్రీమాంట్ రవి: లేదండీ. ముందు ఏది మంచిదో తేల్చుకుందామని.

ఆర్కేటా అక్క: అయ్యో. క్యాన్సిలేషన్లు రోజూ చూస్తూ ఉండండి. మిల్ క్రీక్ క్యాంపు కూడా వెతకండి, సముద్రం కనబడదని చాలామంది దాన్ని వదిలేస్తారు. దొరికితే రెండు సైట్లూ పక్కపక్కన రావని ముందే అనుకోండి.