‘దక్షు లెవ్వార లుపేక్ష సేసిరి’ – తటస్థత, ఉపేక్ష ఒకటేనా?

విజయవాడ, సత్యనారాయణపురం నుంచి:

మాస్టారూ, నమస్కారం. గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలకు అంతర్జాతీయ సంబంధాలు తెలుగులో చెబుతున్నాను. 2011 మార్చిలో లిబియాపై ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి, పౌరుల రక్షణకు సైనిక చర్యను అనుమతిస్తూ 1973వ తీర్మానం చేసినప్పుడు భారత్, బ్రెజిల్, జర్మనీ, చైనా, రష్యా ఓటు వేయలేదు. వారు ‘తటస్థంగా ఉన్నారు’ అని నోట్సు రాయిస్తుంటే ఒక విద్యార్థి లేచి, తిక్కనగారు భారతంలో ‘దక్షు లెవ్వార లుపేక్ష సేసి రది వారల చేటగు’ (చేయగలిగి కూడా ఊరుకున్నవారికే అది చేటు) అన్నది ఇలాంటి వారిని గురించే కదా అన్నాడు. ఏమి చెప్పమంటారు?

గుంటూరు, బ్రాడీపేట నుంచి:

అమ్మా, ఆ పద్యంలో ధర్మమూ సత్యమూ ‘పారముఁ బొందలేక’ చెడుతున్నాయి. పారమంటే అవతలి ఒడ్డు. తటమన్నా ఒడ్డే కనుక, మునిగేవారిని చూస్తూ గట్టున నిలిచినవాడు తటస్థుడు. వాడికి ఈత వచ్చునో రాదో ఆ మాట చెప్పదు. ఈత వచ్చి కూడా దిగనివాడిదే ఉపేక్ష.

సంస్కృత మూలంలో ‘హతాస్తత్ర సభాసదః’ అని, చూస్తూ కూర్చున్న సభ్యులందరికీ చేటు చెప్పారు. తిక్కన సభాసదులను వదలి ‘దక్షులు’ అన్నాడు. కౌటిల్యుడు ‘ఉపేక్షణమాసనమ్’ (ఊరక ఉండటమే ఆసనం) అని, రాజు ఇతర రాజ్యాలతో నడుచుకోవలసిన ఆరు గుణాలలో ఒకటిగా, శత్రువును తానూ తనను శత్రువూ దెబ్బతీయలేని వేళ పాటించదగిన నీతిగా చెప్పిన ఉపేక్షే, రాయబారానికి వచ్చిన కృష్ణుని నోట, చేయగలిగినవారి విషయంలో నేరమయింది. మన గుంటూరు విభుడు మంత్రి భాస్కరుని మనుమడైన తిక్కన, రాజ్యం పోయిన నెల్లూరు రాజు మనుమసిద్ధి కోసం ఓరుగల్లు వెళ్లి కాకతీయ గణపతిదేవుని సాయం కోరాడని ప్రసిద్ధి. బలవంతుని కొలువులో నిలబడి అడగడమంటే ఏమిటో తెలిసినవాడే ఈ మార్పు చేశాడని నా నమ్మకం.

ఈ పద్యం చదివినప్పుడల్లా నాకు గుర్తుకు వచ్చేది రువాండా. 1994 ఏప్రిల్‌లో అక్కడ దాదాపు 2,500 మంది సమితి సైనికులు ఉండగా, ఊచకోత మొదలైన రెండు వారాలకు, 21వ తేదీన, భద్రతా మండలి 912వ తీర్మానంతో ఆ సంఖ్యను 270కి తగ్గించింది. సుమారు వంద రోజుల్లో 8 లక్షల మందికి పైగా హతులయ్యారని సమితి లెక్క. ఆ తీర్మానం ఏకగ్రీవం. ఎవరూ తటస్థులు కారు, అందరూ చేయెత్తారు. అంతమంది కలిసి ఓటు వేసి చేసిన ఉపేక్ష అది.

విజయవాడ నుంచి:

లిబియాలో ఉపేక్ష చేయలేదు కదా మాస్టారూ. అయినా ఆ దేశం బాగుపడలేదే?

గుంటూరు నుంచి:

అందుకే తిక్కన ‘బలవంతులు’ అనలేదని నేను అనుకుంటాను. దక్షత అంటే నేర్పు, పట్టిన పనిని గట్టెక్కించగల సామర్థ్యం. 2011 మార్చిలో విమానాలు పంపిన దేశాలకు బలముంది. అక్టోబరులో లిబియా పాలకుడు గడాఫీ మరణించాడు, ఆ నెలాఖరుకు ఆ దేశాల సైనిక కూటమి నాటో తన చర్య ముగించింది. 2014 నాటికి ఆ దేశం రెండు ప్రభుత్వాలుగా చీలినప్పుడు దిగినవారిలో దక్షుడెవరో నాకు కనబడలేదు.

ఇక ఓటు వేయని ఐదింటినీ ఒకే గాటన కట్టవద్దని మీ విద్యార్థికి చెప్పండి. చైనాకు, రష్యాకు వీటో ఉంది. వారు అడ్డుపడకపోవడం వల్లనే తీర్మానం నెగ్గింది. భారత్ ఓటు పడినా పడకపోయినా ఫలితం మారేది కాదు, పైగా నమ్మదగిన సమాచారం చాలదని మన ప్రతినిధి ఆనాడే చెప్పారు కనుక దాన్ని ఉపేక్ష అనడానికి నా మనసు ఒప్పదు. నోట్సులో మాత్రం ‘ఓటింగుకు దూరంగా ఉన్నారు’ అని రాయించండి. గట్టున ఉన్నవారికి ఈత వచ్చునా అన్నది పిల్లలే ఒక్కొక్క దేశాన్ని గురించి వాదించుకోవాలి.