అప్‌డేట్: క్రిబ్‌కీ మంచానికీ మధ్య సందు పోయింది
మా పాప క్రిబ్‌ను (మా మంచం వైపు తెరిచి ఉండే పిల్లల మంచం) మా మంచానికి ఆనిస్తే మా పరుపు పక్కన మూడు వేళ్ల సందు వస్తోందని నెల కిందట అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. సందులో దుప్పటి కుక్కకుండా, క్రిబ్‌ను మంచానికి కట్టే పట్టీలను మంచం అవతలి వైపు ఫ్రేముకు లాగి బిగించమన్న సలహా పనిచేసింది. ఇప్పుడు వేలు కూడా దూరదు.

పిల్లల డాక్టరుగారు మాత్రం మెత్తటి బొంత, ఆవాల దిండు చూసి ముందు అవి తీసేయమన్నారు. తల గుండ్రంగా రాదేమోనని అమ్మ బాధపడింది, అయినా తీసేశాం. గట్టి పరుపు, బిగుతుగా తొడిగిన షీటు, వెల్లకిలా పడుకోబెట్టడం, అంతే.

క్రిబ్ చెక్కదా, ఇనుముదా అన్న నా టెన్షన్ అనవసరం. పాప చేతులు, మోకాళ్ల మీద లేవడం మొదలుపెట్టగానే దీన్ని మానేసి నాలుగు వైపులా ఎత్తుగా ఉన్న క్రిబ్‌కు మార్చాలి.