అప్‌డేట్: మా బాబు స్కూల్ మార్చలేదు

ఎనిమిదో తరగతి మా బాబు లెక్కలు అందరికంటే ముందే చేసేసి ఖాళీగా కూర్చుంటున్నాడు, విజయనగరంలోనే వేరే స్కూల్లో వేయాలా అని అడిగాను కదా. మార్చలేదు. మీరు చెప్పినట్టే గణిత ఒలింపియాడ్ తొలి మెట్టు ఐఓక్యూఎం పాత పేపర్ ఇచ్చాను. మూడు గంటలు, 30 ప్రశ్నలు, అన్నిటికీ జవాబు పూర్ణసంఖ్యే. బట్టీ పడితే వచ్చేవి కావు. ఒక్క జామెట్రీ లెక్కతో అన్నం కూడా మానేసి కుస్తీ పట్టాడు, పేజీ నిండా కొట్టివేతలే. లెక్క దగ్గర వాడు ఆగిపోవడం మొదటిసారి చూశాను, ప్రాణం లేచొచ్చింది! మాస్టారు కూడా క్లాసులో ఇవి చేసుకోనిస్తున్నారు. వచ్చిన లెక్కే మళ్లీ మళ్లీ చేయించడం ఇలాంటి పిల్లలకి శిక్షే అండీ. పై క్లాసుకి ఎక్కించమన్న సలహా మాత్రం వద్దనుకున్నాం, స్నేహితులంతా ఈ క్లాసులోనే ఉన్నారు.