“చాతనైతలేదు” అంటే ఒంట్లో బాగాలేదనా, పని రాదనా?

మూల పోస్టు (నల్లగొండ):

మా అమ్మాయి వేరే జిల్లాలో జనరల్ సర్జరీ పీజీ చేస్తోంది, రెండో సంవత్సరం. పోయిన నెల ఒకరోజు, ముందురోజు పొద్దున ఎక్కిన డ్యూటీ ఇంకా దిగకముందే జ్వరం తగిలింది. సీనియర్ సార్‌కు ఫోన్ చేసి, ఇంట్లో మాట్లాడినట్టే అనేసింది: “సార్, నాకు చాతనైతలేదు. ఈ కేసుకు ఇంకొకరిని పెట్టండి.” ఆయనది కోస్తా. “చేతకానప్పుడు సర్జరీ ఎందుకు తీసుకున్నావమ్మా?” అన్నాడు.

పిల్ల మారు మాట్లాడలేదు. ఒక పారాసిటమాల్ మింగి, చేతులు కడుక్కొని ఆపరేషన్‌కు స్క్రబ్ అయింది. రెండున్నర గంటలు రిట్రాక్టర్ (కోసినచోటును తెరిచి ఉంచే పనిముట్టు) పట్టుకొని నిలబడిందట. మాస్కులో తన ఊపిరి తనకే వేడిగా తగులుతుంటే, అద్దాలు మసకబారుతుంటే, తుడవమని నర్సును అడగడానికి కూడా మొహమాటపడిందట.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. మా నల్లగొండ, పాలమూరు వైపు చాతనైతలేదు (ఊళ్లలో సాతనైతలేదు) అంటే ఒంట్లో బాగాలేదని. “సాతగాక పండుకున్నడు” అంటే జ్వరమో నీరసమో వచ్చి పడుకున్నాడని. “చాతగానోడు” అంటే మాత్రం ఇక్కడా తిట్టే, అది ఒప్పుకోవాలి.

సార్‌కు మన యాస తెలియక అలా అన్నాడనుకున్నా. అమ్మాయి ఒప్పుకోలేదు. “ఆయనకు అర్థమైంది నాయినా. మా బ్రాంచిలో రెండూ ఒకటే” అంది. ఆ మాట విన్నప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. రెండు అర్థాలు ఒకే మాటలోకి ఎట్లా వచ్చాయి? ఈ గ్రూపులో డాక్టర్లూ ఉన్నారు కదా, మీరు ఈ మాట వాడతారా?

మిర్యాలగూడ, తెలుగు పండితుడు:

బడిలో “చేత, చే, తోడ, తో” అని వల్లించాం కదా, ఆ తృతీయా విభక్తే ఇది. పూర్వరూపం చేతన్. దానికి “అగు” చేరితే ఆ నకారం నిలిచి చేతనగు అవుతుంది. నావల్ల అవుతుంది అన్నట్టే నాచేతనవుతుంది. అంటే మొదటి అర్థం సామర్థ్యమే. కోస్తాలో అది నేర్పు వైపు వెళ్లింది, మన దగ్గర ఒంటి సత్తువ వైపు వచ్చింది.

అయితే మన పెద్దవాళ్లు “పానం (ప్రాణం, అంటే ఒళ్లు) చాతనైతలేదు” అంటారు. అక్కడ చాతకానిది పానానికి, మనిషికి కాదు. మీ అమ్మాయి తొందరలో పానాన్ని వదిలేసి “నాకు” పెట్టింది. ఆయన ఆ “నాకు”నే పట్టుకున్నాడు.

పాలమూరు, గైనిక్:

పండితుడు గారూ, పానం చేర్చినా ఆ సార్ వినడు. పన్నెండేళ్ల ప్రాక్టీసులో నేను ఈ మాట ఒక్కసారి కూడా అనలేదు. “బీపీ డౌన్ అయింది” అంటా, వెంటనే ఎవరో ఒకరు కుర్చీ జరుపుతారు. చాతనైతలేదు అంటే సాకు చెబుతోంది అనుకుంటారు. కాన్పులకు రాత్రి, పగలు లేవు, నొప్పులు మొదలయ్యాక రేపు రమ్మని పంపలేం. కాబట్టి మా దాంట్లో ఎవరూ కాదనరు, కాదన్నవాళ్లను గుర్తుపెట్టుకుంటారు.

మొన్న తెల్లవారుజామున ఒక కాన్పు కొంచెం కష్టమైంది. తల్లీ బిడ్డా బాగున్నారని చెప్పడానికి బయటికొస్తే, ఆ పిల్ల నాయనమ్మ నా చెయ్యి పట్టుకొని “నువ్వు తిన్నవా బిడ్డా? మొఖం గుంజుకపోయింది. పైలం (జాగ్రత్త)” అంది. డిశ్చార్జి రోజు ప్రతి బాలెంతకూ పైలం అని చెప్పి పంపేదాన్ని నేను. నాకెవరో చెబితే ఏమనాలో తోచలేదు.

మత్తు డాక్టర్:

మా దగ్గర కొంచెం నయం. నిద్ర ఆగడం లేదు, వచ్చి కూర్చో అని ఇంకొకరిని పిలవడం మాలో చిన్నతనం కాదు. మత్తిచ్చినవాడు కునికితే ఏమవుతుందో సర్జన్‌కూ తెలుసు కాబట్టి అతనూ ఏమీ అనడు. కానీ అదే సర్జన్ తన విషయానికొచ్చేసరికి ఆరు గంటలు మంచినీళ్లు తాగకపోవడం గొప్పగా చెబుతాడు. పక్కనే ఉంటాం కదా, అన్నీ వింటాం.

స్కానింగ్ డాక్టర్, నాగర్‌కర్నూల్:

మాకైతే ఆ మాట అనే హక్కే లేదు. ఏసీలో కూర్చునే పనే కదా అంటారు. సాయంత్రానికి తెర మీద తెలుపూ నలుపూ కలిసిపోతుంటాయి, ఒక్కో రిపోర్టు రెండుసార్లు చదువుకుంటాం. అయినా చాతనైతలేదు అన్నామో, స్కిన్ డాక్టర్లు కూడా నవ్వుతారు.

మహబూబ్‌నగర్, ఉర్దూ బడిలో చదివినవాడిని:

సుస్తీని మరిచారు. ఉర్దూలో సుస్తీ అంటే బద్ధకం. తెలుగులోకి వచ్చేసరికి సుస్తీ చేసింది అంటే జబ్బు చేసిందని. అది బద్ధకం నుంచి వచ్చింది, ఇది చేతకానితనం నుంచి వచ్చింది. మన దగ్గర జబ్బుపడ్డవాడు ఏదో ఒక తప్పు పక్కన కూర్చోవాల్సిందేనేమో!

సూర్యాపేట, ఫిజీషియన్:

పేషెంట్లు ఓపీలో రోజూ అనే మాటే ఇది. కేస్‌షీట్‌లో దాన్ని “జనరలైజ్డ్ వీక్‌నెస్” అని రాస్తాం. 2016లో మహబూబ్‌నగర్‌లో, 2019లో నల్లగొండ, సూర్యాపేటల్లో మెడికల్ కాలేజీలు వచ్చాయి. అఖిల భారత కోటాలో వేరే రాష్ట్రాల నుంచి వచ్చి చేరే పిల్లలు ముందు నేర్చుకోవలసిన తెలంగాణ మాట ఇదేనని నా లెక్క.

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన జబ్బుల జాబితా ఐసీడీ-11లో బర్నౌట్‌కు (పని ఒత్తిడితో అలిసి డీలాపడిపోవడానికి) మూడు లక్షణాలు ఇచ్చారు: ఒంట్లో శక్తి అయిపోవడం, పని మీద మనసు విరిగిపోవడం, పనిలో సామర్థ్యం తగ్గడం. అది జబ్బు కాదు, పనివల్ల వచ్చే స్థితి అనీ రాశారు. మొదటిదీ మూడోదీ కలిపి చూడండి, చాతనైతలేదు అంటే అదే. సార్ దెబ్బలాడినా, పిల్ల చెప్పినా ఒకే సంగతి: ఒంట్లో శక్తి లేనివాడి చేతిలో నేర్పు కూడా తగ్గుతుంది. అందుకే కదా ఆమె ఇంకొకరిని పెట్టమంది!

2017లో సవరించిన జెనీవా ప్రతిజ్ఞలో (డాక్టర్లు చేసే ప్రమాణంలో) మంచి వైద్యం అందించడానికి నా ఆరోగ్యాన్ని, క్షేమాన్ని, సామర్థ్యాన్ని కూడా చూసుకుంటాను అన్న వాక్యం చేర్చారు. 1948 నుంచి ఉన్న ప్రతిజ్ఞలోకి డాక్టరు ఒళ్లు రావడానికి దాదాపు డెబ్బై ఏళ్లు పట్టింది. ఇక గంటల లెక్క అడగకండి. 1992లో కేంద్రం రెసిడెంట్లకు వారానికి 48 గంటలు అంది. 2024లో జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ 74 దాటొద్దని సిఫారసు చేసింది. కిందికి దిగాల్సింది పైకెక్కింది.

మిర్యాలగూడ, తెలుగు పండితుడు:

సార్లతో మాట్లాడేటప్పుడు “వశపడతలేదు” అనమనండి. అదీ మన మాటే. నా అదుపులో లేదు అని అర్థం, అందులో నేర్పు ప్రసక్తి రాదు.

మూల పోస్టు:

పండితుడు గారి మాట అమ్మాయికి పంపాను. మూడు గంటల తర్వాత చూసి రాసింది: “దీనికి కూడా ‘వశంలో లేకుంటే ఎందుకు తీసుకున్నవ్’ అంటరు నాయినా. ఆ గైనిక్ మేడమ్ ఎవరో కనుక్కో, ఆమెది ఏ ఊరో అడుగు. పోస్ట్ డ్యూటీ (రాత్రి డ్యూటీ దిగి) ఉన్నా, పండుకుంట.”