నాన్నగారి జేబులో ఏం రాసి పెట్టాలి?

ప్రశ్న (విజయవాడ): నాన్నగారికి పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) వచ్చి ఆరేళ్లు. మొన్న బీసెంట్ రోడ్డులో కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోయారు. మాట ముద్దగా వస్తుంటే తాగాడనుకున్నారట! ఇలాంటప్పుడు చూపించడానికి జేబులో పెట్టే కార్డు మీద ఏం రాయాలి?

జవాబు (గుంటూరు): జబ్బు పేరు, మీ ఫోన్ నంబరు, మందుల వేళలు. మావారి కార్డు పైన తెలుగులో "నేను తాగలేదు, పార్కిన్సన్స్ ఉంది, కాస్త ఆగండి" అని రాయించాను. లామినేషన్ చేయించండి, మన చెమటకు కాగితం నిలవదు.

జవాబు: అసలుది వదిలేశారు. వాంతులకు మెటోక్లోప్రమైడ్, కంగారుపడుతుంటే హాలోపెరిడాల్ ఇవ్వకూడదని ఇంగ్లీషులో రాయండి. మా అమ్మకు ఓ చోట మొదటిది ఎక్కించారు, రెండ్రోజులు కొయ్యబారిపోయింది. పార్కిన్సన్స్‌కు వాడే లెవోడోపా మందు వేళ తప్పకూడదని కూడా రాయండి.

ప్రశ్న అడిగినవారు: మెడలో వేసుకోమంటే "నేనేమన్నా స్కూలు పిల్లాడినా" అన్నారు. చొక్కా జేబులో కళ్లజోడు పక్కన పెట్టాను.