శిశుర్వేత్తి, పశుర్వేత్తి... ఫణిః ఆ, ఫణీ ఆ?

నడిరేయి: లాస్ట్ ఎగ్జిట్ అనే జాజ్ బ్యాండుని వింటుంటే ఒక పాదం నోట్లో ఆడుతోంది. "శిశుర్వేత్తి పశుర్వేత్తి వేత్తి గానరసం ఫణిః". రెండో సగమే రెండు రకాలుగా తడుతోంది. "కో వేత్తి కవితాతత్త్వం శివో జానాతి వా న వా" ఒకటి, "సాహిత్యరసమాధుర్యం శంకరో వేత్తి వా న వా" ఇంకోటి. ఏది పాతది? బ్యాండు తెలియనివాళ్లకి: పైన షారక్ గిటారు, బ్రోట్స్‌మన్ శాక్సొఫోను కరుచుకుంటుంటాయి. కింద లాస్వెల్ బేసు, షానన్ జాక్సన్ డ్రమ్ములు నల్లగా, బరువుగా సాగుతుంటాయి. 1986 పారిస్ కచేరీ. ముందు రాసుకున్నదేమీ లేదు, రిహార్సలూ లేదు. దీన్ని గానరసం అనొచ్చా?

విసర్గప్రియ: రెండో సగం తర్వాత చూద్దాం, మొదటిది సరిచేయండి. ఫణిన్ శబ్దానికి ప్రథమైకవచనం ఫణీ. శశీ, కరీ, జ్ఞానీ ఎలాగో అలాగే. ఈ విసర్గ ఎక్కడిది?

అర్ధసున్న: ఛందస్సు తేల్చదండీ. "వేత్తి గానరసం ఫణిః"లో అయిదో అక్షరం "ర" లఘువు, ఆరు "సం" గురువు, ఏడు "ఫ" లఘువు. ఎనిమిది ఎలా రాసినా గురువే. నా అనుమానం ఏమిటంటే, ఫణి, శశి, కరి అని హ్రస్వానికి అలవాటు పడ్డ మన నోరే సంస్కృతం వాసన కోసం విసర్గ తగిలించింది.

విసర్గప్రియ: ఉత్తరాది వాళ్లూ ఫణిః అనే రాస్తారు. వాళ్లదీ తెలుగు నోరేనా?

అర్ధసున్న: మనం ఎగుమతి చేసి ఉంటాం :)

కైలాసవాసి: శిశువంటే ఊళ్లో పిల్లాడు కాదు, కుమారస్వామి. పశువు నంది. ఫణి ఆయన మెడలోదే. ఇంటిల్లిపాదికీ తెలిసింది యజమానికి తెలుసో లేదో అన్నది చమత్కారం. రెండు పాఠాల్లోనూ ఆయనే ఉన్నాడు, గమనించండి.

చిత్తరంజని: శంకరుడికి తెలుసా అని అడగడమేమిటి! త్యాగయ్య "నాదతనుమనిశం శంకరం" అన్నాక ఇంకేం మిగిలింది? ఒళ్లే నాదమైనవాడు. పైగా ఆ కీర్తన ఉన్న రాగం నిషాదం దాటి పైకి పోదు. సద్యోజాతాది ముఖాల నుంచి పుట్టిన స్వరాలు చెబుతూ సాహిత్యమూ సరిగమపదని దగ్గరే ఆగుతుంది. పై షడ్జం అందకుండా ఎంత నిండుగా ఉంటుందో!

నడిరేయి: బాగుంది. కానీ నా నలుగురి సంగతి?

పాతపుస్తకం: శార్ఙ్గదేవుణ్ణి అడగండి. సంగీతరత్నాకరంలో గీతమంటే "రంజకః స్వరసందర్భః". అందులో గాంధర్వం, గానం అని రెండు భేదాలు. గానమంటే వాగ్గేయకారుడు లక్షణయుక్తంగా రచించినది, జనరంజకమైనది. మీ బ్యాండులో రచన లేదు. జనరంజకమా అన్నది మీ పక్కింటివాళ్లని అడగాలి.

చిత్తరంజని: అదే అధ్యాయంలో గానానికి నిబద్ధం, అనిబద్ధం అని రెండు తరగతులు చెప్పాడే, అది వదిలేశారేం? బంధం లేని ఆలప్తి, అంటే రాగాలాపన, అనిబద్ధం. నడిరేయి గారి బ్యాండు అక్కడ ఇముడుతుంది.

పాతపుస్తకం: వదల్లేదమ్మా, మీరే అందుకుంటారని ఆగాను. ఆలప్తిలో తాళం ఉండదు. వీళ్ల కింద డ్రమ్ములు మోగుతున్నాయంటున్నారు.

నడిరేయి: మోగడమా! ఆల్బర్ట్ ఐలర్, ఆర్నెట్ కోల్‌మన్, సెసిల్ టేలర్ ముగ్గురితోనూ వాయించిన చెయ్యి అది. ఎంత అల్లరి చేసినా లోపల కవాతు దరువు వినిపిస్తూనే ఉంటుంది.

చిత్తరంజని: అయితే కల్పనస్వరం అనుకోండి, తాళంలోనే అప్పటికప్పుడు అల్లే స్వరాలు.

పాతపుస్తకం: కల్పనస్వరానికి తిరిగి చేరుకోడానికి ఒక ఎత్తుగడ, అంటే పాట ఎత్తుకునే చోటు, ఉంటుంది. వీళ్లు ఎక్కడికి చేరతారు?

బేసుపురుగు: ఎక్కడికీ చేరరు, అందులోనే ఉంది మజా. నేను పాము దగ్గరికి వస్తా. దానికి బయటి చెవి లేదు, లోపలి చెవి ఉంది. నేల అదురు దవడ ఎముక గుండా అక్కడికి అందుతుంది. బాగా తెలిసేది కొన్ని వందల హెర్ట్జ్ లోపు మంద్రమే. నాగస్వరానికి ఆడుతుందంటారు కానీ అది బూర కదలికని చూసి ఊగడం. అంటే షారక్ తీగల కేకలో చాలా భాగం దానికి దండగ, లాస్వెల్ బేసు మాత్రం ఒంటికి తగులుతుంది. కాబట్టి ఫణికి తెలిసింది గానం కాదు, గ్రూవ్, అంటే ఒంటిని ఊపే లయ.

విసర్గప్రియ: ఫణీకి.

అర్ధసున్న: "కి" పెట్టాక అది తెలుగు మాటేనండీ, ఫణికే. మరి గ్రూవ్‌కి మనమేం అంటాం? నడక?

చిత్తరంజని: నడక మాకు కావాలి, ఇవ్వం. తిశ్రం, చతురశ్రం, ఖండం అని ఇప్పటికే దానికి చేతినిండా పని.

బేసుపురుగు: సానీ షారక్ అసలు శాక్సొఫోనే వాయిద్దామనుకున్నాడు, ఉబ్బసం వల్ల కుదరక గిటారు పట్టాడు. అందుకే ఆ గిటారు ఊపిరి బిగబట్టి ఊదినట్టుంటుంది. కొత్తవాళ్లు 1988 స్టూడియో రికార్డు "ఐరన్ పాత్"తో మొదలెట్టండి. వాళ్లు స్టూడియోలో చేసింది అదొక్కటే, మిగతావన్నీ కచేరీలే.

కైలాసవాసి: ఎవరూ పట్టించుకోనిది ఒకటుంది. మొదటి రెండు చోట్లా కర్త ముందు, వేత్తి తర్వాత. మూడోసారి వేత్తి ముందుకొచ్చి ఫణి చివరికి పోయాడు. వరస తిప్పడంలో ఏదో ధ్వని ఉంది.

అర్ధసున్న: ధ్వనీ లేదు, ఏమీ లేదు. "ఫణీ గానరసం వేత్తి" అని చదివి చూడండి. సరిపాదంలో ఏడో అక్షరం లఘువు కావాలి, అక్కడ "వే" వచ్చి కూర్చుంటుంది. అందుకే తిప్పాడు.

విసర్గప్రియ: ఏమన్నారు? ఇంకోసారి రాయండి. ఫ తర్వాత ఏమిటది?