హైదరాబాద్ జంట జలాశయాల్లో సెప్టెంబరులో ఎంత ఖాళీ ఉంచాలి?

1908 మూసీ వరద తర్వాత ముంపు ఆపడానికి కట్టిన ఉస్మాన్‌సాగర్ (పూర్తి మట్టం 1790 అడుగులు), హిమాయత్‌సాగర్ (1763.5) తాగునీటికీ ఆధారమయ్యాయి. వరదకేమో ఖాళీ కావాలి, వేసవికేమో నిండుకుండలా ఉండాలి. చిక్కంతా ఇక్కడే. ఒక టీఎంసీ (వంద కోట్ల ఘనపుటడుగులు) ఖాళీ ఉంటే 11,574 క్యూసెక్కుల (సెకనుకు అన్ని ఘనపుటడుగుల) వరదను ఒక రోజంతా పట్టి ఉంచవచ్చు. అంచుదాకా నిండాక రెండుచోట్లా గేట్లు ఒక్కసారే ఎత్తితే, బాపూఘాట్ దగ్గర రెండు ప్రవాహాలూ కలిసి చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ లోతట్టు ఇళ్లలోకి చేరతాయి. పిల్లాపాపలతో ఉండే ఇళ్లవి. ముందునుంచే కొద్దికొద్దిగా వదలడం మేలని నా అభిప్రాయం.

మూసీ పుట్టే అనంతగిరిలో కుండపోత పడ్డాక ఇన్‌ఫ్లో గరిష్ఠానికి చేరే గంటలను ఎలా లెక్కిస్తారు? పూడిక చేరాక మట్టం-నిల్వ పట్టికను ఎలా సరిచేస్తారు? రూల్ కర్వ్ (ఏ సమయంలో ఎంత మట్టం ఉంచాలో చెప్పే గీత) వేసిన ఇంజినీర్లు వారంవారం మట్టాలతో దయచేసి వివరించగలరా?